టెక్ సందేహాలు: ట్రైలర్‌లో కరెంటు సమస్యలు

ప్రశ్న: మా ట్రావెల్ ట్రైలర్‌కు (కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల ఉండటానికి వీలైన బండి) బయటి ప్లగ్గు పెట్టినంతసేపు అన్నీ పనిచేస్తాయి. తీసేసిన గంటకే లైట్లు మసకబారి, నీళ్ల పంపు ఆగిపోతోంది. కొత్త బ్యాటరీ వేయించినా అంతే. కన్వర్టర్ పోయిందంటున్నారు. మార్చాలా?

జవాబు: అప్పుడే డబ్బు ఖర్చు పెట్టకండి. ట్రైలర్‌లో రెండు రకాల కరెంటు ఉంటుంది. ప్లగ్గు నుంచి వచ్చే 120 లేదా 230 వోల్టుల ఏసీ (ఆల్టర్నేటింగ్) కరెంటుతో మైక్రోవేవ్, ఎయిర్ కండిషనర్ లాంటివి నడుస్తాయి. లైట్లు, పంపు, గ్యాస్ లీకును పసిగట్టే అలారం బ్యాటరీ ఇచ్చే 12 వోల్టుల డీసీ (డైరెక్ట్) కరెంటు మీద నడుస్తాయి. ఏసీని డీసీగా మార్చి బ్యాటరీని నింపేది కన్వర్టర్. మీ బ్యాటరీకి ఆ ఛార్జింగ్ అందుతున్నట్టు లేదు.

వోల్టులు కొలిచే మల్టీమీటర్ ఉంటే పది నిమిషాల పని. ప్లగ్గు తీసి, లైట్లన్నీ ఆపి బ్యాటరీ టెర్మినల్స్ దగ్గర కొలవండి. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12 దగ్గర ఉంటే సగానికి పైగా ఖాళీ అయినట్టే. ఇప్పుడు ప్లగ్గు పెట్టి, అక్కడే మళ్లీ చూడండి. 13.2 నుంచి 14.4 మధ్యకు ఎక్కాలి. ఎక్కకపోతే కన్వర్టర్ నుంచి డీసీ తీగలు బయటికొచ్చే చోట కొలవండి. ఏసీ కరెంటు ఉండే కవర్ మాత్రం విప్పొద్దు. కన్వర్టర్ దగ్గర 13.6 ఉండి బ్యాటరీ దగ్గర 12 దాటడం లేదంటే కన్వర్టర్ బాగానే ఉంది, మధ్యలో ఎక్కడో దారి తెగింది.

బ్యాటరీ మార్చారు కాబట్టి నా అనుమానం ముందుగా రివర్స్ పొలారిటీ ఫ్యూజుల మీదే. ప్లస్, మైనస్ తీగలు క్షణం తారుమారైనా, కన్వర్టర్‌ను కాపాడటానికి అవి కాలిపోతాయి. మార్చేటప్పుడు అదే ఆంపియర్ల ఫ్యూజు వేయండి. పెద్దది వేస్తే ఈసారి కాలేది తీగే. అవి బాగుంటే బ్యాటరీ డిస్‌కనెక్ట్ స్విచ్, బ్యాటరీ దగ్గరి ఫ్యూజు, తుప్పు పట్టిన మైనస్ కనెక్షన్ చూడండి. లిథియం బ్యాటరీ వేయించి ఉంటే పై అంకెలు వర్తించవు. పాత కన్వర్టర్ దాన్ని పూర్తిగా నింపలేకపోవచ్చు కూడా.

ప్రశ్న: వాన పడ్డాక ట్రైలర్ తలుపు పట్టుకుంటే చిన్నగా జిల్లుమంటోంది. పట్టించుకోవాలా?

జవాబు: తప్పకుండా! ఈ వారం వచ్చిన ఉత్తరాల్లో నన్ను టెన్షన్ పెట్టింది ఇదే. వెంటనే సప్లై దగ్గర బ్రేకర్ ఆపి ప్లగ్గు తీసేయండి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చిన్నగా జిల్లుమన్నది, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకుంటే ప్రాణం తీయొచ్చు.

సాధారణంగా దీని వెనక రెండు లోపాలు కలిసి ఉంటాయి. వాటర్ హీటర్ కాయిల్ లాంటిదేదో కరెంటును లోహపు బాడీలోకి వదులుతుంది. దాన్ని వెనక్కి పంపాల్సిన ఎర్త్ తీగ ఎక్కడో తెగి ఉంటుంది. ఆ తెగింది మీ కేబుల్‌లోనా, అడాప్టర్‌లోనా, సప్లై సాకెట్‌లోనా అన్నది ఎలక్ట్రీషియన్‌తో పరీక్షించాలి. పక్కన ఇనుప కడ్డీ పాతితే సరిపోతుందన్న సలహా వినకండి. నేల నిరోధం 25 ఓములు అనుకుంటే 230 వోల్టుల దగ్గర ప్రవహించేది 9 ఆంపియర్ల పైచిలుకే. 30 ఆంపియర్ల బ్రేకర్ దానికి పడిపోదు, బాడీలో కరెంటు అలాగే ఉంటుంది.

ప్రశ్న: బ్రేకర్లన్నీ ఆన్‌లోనే ఉన్నా కొన్ని సాకెట్లలో కరెంటు రావడం లేదు.

జవాబు: బాత్రూమ్ లేదా వంటగట్టు దగ్గర టెస్ట్, రీసెట్ బటన్లున్న సాకెట్ కోసం చూడండి. అది ట్రిప్ అయితే దాని తర్వాత వరుసలో ఉన్న సాకెట్లు కూడా పోతాయి. అన్ని ప్లగ్గులూ తీసి రీసెట్ నొక్కండి. వెంటనే మళ్లీ పడిపోతే ఎక్కడో లీకేజీ ఉంది, పదే పదే నొక్కకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.