కిస్తీ కంటే ముందు ధర చెప్పండి
కారు షోరూమ్‌లో అప్పు, బీమా, వారంటీల అమ్మకంపై పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సేల్స్ నుంచి ఈమధ్యే ఫైనాన్స్ డెస్క్‌కి మారాను. ఎక్స్‌టెండెడ్ వారంటీ, గ్యాప్ ఇన్సూరెన్స్, లోన్ ప్రొటెక్షన్ (అప్పు తీసుకున్నవారు చనిపోతే బాకీ కట్టే బీమా) అని నోరు తెరవగానే కస్టమర్లు "అవేమీ వద్దు, సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి" అంటున్నారు. ఎక్కడ తప్పు చేస్తున్నాను?

జవాబు: మీ టేబుల్ దగ్గరికి వచ్చేసరికే ఆ మనిషి బేరమాడి అలసిపోయి ఉంటారు. తాళాలు ఎప్పుడు చేతికొస్తాయా అని చూస్తుంటారు. అప్పుడు మీరు ప్రొడక్టుతో మొదలుపెడితే ఇంకో బేరం మొదలైందనుకుంటారు. కాబట్టి కాగితాలు సరిచూస్తూనే నాలుగైదు విషయాలు అడిగి తెలుసుకోండి: నెలకు ఎన్ని కిలోమీటర్లు నడుపుతారు, ఈ కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారు, డౌన్ పేమెంట్ ఎంత, ఎక్స్ఛేంజ్‌కి ఇస్తున్న పాత కారు మీద బాకీ ఉందా, జీవిత బీమా ఇదివరకే ఉందా. ఏది పనికొస్తుందో, ఏది దండగో ఈ జవాబులే చెబుతాయి.

ఉదాహరణకు గ్యాప్ ఇన్సూరెన్స్ తీసుకోండి. కారు పూర్తిగా దెబ్బతిన్నా, దొంగతనానికి గురైనా మామూలు బీమా ఇచ్చేది ఆ రోజు కారుకున్న విలువే. బాకీ 7,00,000 ఉండి, కారు విలువ 5,80,000 దగ్గర ఆగితే, మిగిలిన 1,20,000 ఇక చేతిలో లేని కారుకు కట్టాల్సిన అప్పు. ఆ తేడాను పూడ్చేదే గ్యాప్. డౌన్ పేమెంట్ తక్కువ, గడువు ఎక్కువ, పాత కారు బాకీని కొత్త అప్పులో కలిపారు అంటే ఆ తేడా పెద్దదవుతుంది. అయితే అలా కలిపిన పాత బాకీని కొన్ని గ్యాప్ పాలసీలు లెక్కలోకి తీసుకోవు. కట్టకుండా వదిలేసిన కిస్తీలను, వాటిపై జరిమానాలను సాధారణంగా ఏ పాలసీ ఇవ్వదు. ఈ రెండు సంగతులూ అమ్మేముందే చెప్పాలి. ధరలో సగం చేతి డబ్బు పెట్టి, మూడేళ్లలో అప్పు తీర్చేసేవారికి గ్యాప్ అవసరం దాదాపు ఉండదు. ఆ మాట మీరే అనండి. అప్పుడు వారంటీ గురించి చెప్పేది వింటారు.

ఉన్న ప్రొడక్టులన్నీ, ఒక్కోదాని ధరతో సహా, ఒకే కాగితం మీద ప్రతి కస్టమర్‌కూ చూపండి. ఈయన కొనరులే అని మీరే తేల్చేసుకోవద్దు. చూపడం అందరికీ, సిఫారసు మాత్రం సరిపోయేవారికే. వద్దన్నవాటికి ఎదురుగా "వద్దు" అని రాయించి సంతకం తీసుకోండి. రేపు ఇంజిన్ పాడైనప్పుడు "నాకెవరూ చెప్పలేదు" అనే మాట రాదు.

ప్రశ్న: కారుకు మాత్రమే అయ్యే కిస్తీ కన్నా కాస్త ఎక్కువ అంకె ముందు చెప్పి, తర్వాత "అదే కిస్తీలో వారంటీ కూడా వస్తోంది" అనమని మా మేనేజర్ అంటున్నారు. ఇందులో తప్పుందా?

జవాబు: ఉంది. ఇది కస్టమర్‌ను మోసం చేయడమే, చాలాచోట్ల చట్టం దృష్టిలో కూడా. లెక్క చూడండి. 9 శాతం వడ్డీకి 60 నెలలకు ప్రతి లక్షకూ కిస్తీ సుమారు 2,076. 11 శాతానికైతే 2,174. నెలకు 98 తేడా అంటే ఎవరికీ పెద్దగా అనిపించదు. అప్పు 8 లక్షలైతే అది నెలకు 787, అయిదేళ్లకు 47,000 పైనే. అసలు 9 శాతానికి అర్హత ఉన్నవారికి 11 శాతం కిస్తీ చెప్పి, ఆ సందులో వారంటీని దూర్చి "ఉచితం" అన్నట్టు మాట్లాడటమే ఈ పద్ధతి.

గడువు పెంచి కిస్తీ తగ్గించడం కూడా ఇలాంటిదే. 11 శాతం వడ్డీకి 60 నెలలను 72 చేస్తే లక్షకు కిస్తీ 2,174 నుంచి 1,903కి దిగుతుంది, మొత్తం కట్టేది మాత్రం 6,500కు పైగా పెరుగుతుంది. గడువు పెంచడం నేరమేమీ కాదు, ఆ రెండో అంకెను దాచడమే తప్పు.

సరైన వరుస ఇదీ: ముందు కారు ధర, అప్పు మొత్తం, వడ్డీ, గడువు, ఏ ప్రొడక్టూ లేని కిస్తీ చెప్పండి. ఆ తర్వాతే ఒక్కో ప్రొడక్టు ధర, దాన్ని కలిపితే కిస్తీ ఎంతవుతుందో చెప్పండి. 30,000 వారంటీని అప్పులో కలిపితే 11 శాతానికి నెలకు 652 పెరుగుతుంది, అయిదేళ్లలో దానికే 39,000 పైగా కడతారు. చేతి డబ్బుతో కొంటే 30,000తో పోతుంది. రెండూ చెప్పండి.

షోరూమ్ లాభం కోణంలో చూసినా ఇదే మేలు. తెలియకుండా అంటగట్టిన పాలసీని కస్టమర్ ఇంటికెళ్లి కాగితాలు చదువుకున్నాక రద్దు చేసుకుంటారు. అప్పుడు మీకొచ్చిన కమీషన్ వెనక్కి పోతుంది.

ప్రశ్న: షోరూమ్‌లో 7 శాతం ఫ్లాట్ వడ్డీ అంటున్నారు. బ్యాంకులో 11 శాతం, తగ్గే బాకీపై. షోరూమే చవక కదా?

జవాబు: కాదు. ఫ్లాట్ అంటే మీరు ఎంత తీర్చినా మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. అయిదేళ్లకు లక్షకు వడ్డీ 35,000, కిస్తీ 2,250. తగ్గే బాకీ లెక్కలో అది 12.5 శాతంతో సమానం. బ్యాంకు కిస్తీ 2,174 మాత్రమే. ప్రాసెసింగ్ ఫీజు, ముందే తీర్చేస్తే పడే రుసుము కూడా రెండు వైపులా అడిగి కలుపుకోండి. ఇంకొకటి: రుణసంస్థ ఒప్పుకున్న వడ్డీపై షోరూమ్ కొంత కలిపి చెప్పే వీలు చాలాచోట్ల ఉంటుంది. బ్యాంకు మంజూరు కాగితం చేతిలో పెట్టుకుని వెళితే ఆ కలిపినది చాలాసార్లు కరిగిపోతుంది.

ప్రశ్న: డబ్బు కట్టి కొన్న ఎక్స్‌టెండెడ్ వారంటీ క్లెయిమ్ తిరస్కరించారు. గేర్‌బాక్స్ బాగుచేయించాకే బిల్లు పంపాం. కారణమేమై ఉంటుంది?

జవాబు: మీ ప్రశ్నలోనే ఉంది: బాగుచేయించాక పంపారు. దాదాపు అన్ని వారంటీల్లోనూ పని మొదలుపెట్టకముందే అనుమతి తీసుకోవాలి. గ్యారేజీ ముందు లోపం కనుక్కుని, అంచనా పంపి, అనుమతి నంబర్ వచ్చాకే గేర్‌బాక్స్ విప్పాలి. లోపం కనుక్కోవడానికి విప్పాల్సి వచ్చినా ముందు అడగాలి, ఎందుకంటే క్లెయిమ్ నిలబడకపోతే ఆ విప్పిన ఖర్చు మీదే.

తిరస్కరణకు ఇంకో పెద్ద కారణం సర్వీసు రికార్డు. ఆయిల్ సమయానికి మార్చినట్టు తేదీ, కిలోమీటర్లు ఉన్న బిల్లులు కావాలి. ఇక బ్రేక్ ప్యాడ్లు, క్లచ్ ప్లేటు, టైర్లు, వైపర్ల వంటి అరిగేవి మామూలుగా లెక్కలోకే రావు. కొనేముందు "ఏవేవి కవర్ అవుతాయి" అని కాదు, "ఏవి కావు" అనే పేజీ అడిగి చదవాలి. కంపెనీ వారంటీ మూడేళ్లుండగా "5 ఏళ్ల వారంటీ" అంటే చాలాసార్లు కారు కొన్న రోజు నుంచే లెక్క, అంటే మీరు అదనంగా కొన్నది రెండేళ్లే.

ప్రశ్న: అప్పు రెండేళ్లలోనే తీర్చేశాం. గ్యాప్, లోన్ ప్రొటెక్షన్ డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: ప్రీమియం ఒకేసారి కట్టి ఉంటే, క్లెయిమ్ ఏదీ చేయకపోతే, వాడని కాలానికి కొంత తిరిగిచ్చే షరతు చాలా పాలసీల్లో ఉంటుంది. చాలాచోట్ల దానంతట అది రాదు. అప్పు తీరినట్టు రుణసంస్థ ఇచ్చిన పత్రం జతచేసి, పాలసీ ఇచ్చిన సంస్థకు రాతపూర్వకంగా దరఖాస్తు చేయండి, అందినట్టు రసీదు తీసుకోండి. షోరూమ్‌లో నోటిమాటగా చెప్పి వచ్చేస్తే సరిపోదు.