‘అకరణీయం చేయండి’ అంటే చేయకూడనిది చేయమనా?

సందేహం: మా అబ్బాయి లెక్కల పుస్తకంలో ‘హారాన్ని అకరణీయం చేయండి’ అని ఉంది. కరణీయం అంటే చేయదగినది, అకరణీయం అంటే చేయకూడనిది కదా! ఇది అచ్చుతప్పా?

సమాధానం: అచ్చుతప్పు కాదు. మీరు చెప్పిన అర్థమూ తప్పు కాదు. పైకి ఒక్కలా కనిపించే రెండు వేరు మాటలివి.

మీరనే కరణీయం ‘కృ’ ధాతువుకు ‘అనీయ’ చేరగా వచ్చింది, స్మరణీయం, దర్శనీయం లాగా. లెక్కల్లోని దానికి మూలం ‘కరణి’ అనే నామవాచకం. లెక్కల్లో కరణి అంటే √2, √3 లాంటి, కచ్చితంగా తేలని వర్గమూలం. జాతి నుంచి జాతీయం వచ్చినట్టే, కరణి నుంచి కరణీయం. అలాంటి కరణి లేనిది అకరణీయం.

ఈ కరణి చాలా పాతది. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాల్లో, చదరాన్ని పుట్టించే భుజాన్ని కరణి అన్నారు. మూరెడు భుజం ఉన్న చదరం గీసి, దాని కర్ణాన్నే భుజంగా పెట్టుకుని ఇంకో చదరం గీయండి. వైశాల్యం రెట్టింపవుతుంది. అందుకే ఆ కర్ణం ‘ద్వికరణి’. మనం √2 అని రాసేది అదే. వాళ్లు చెప్పిన విలువను ఒకే భిన్నంగా కుదిస్తే 577/408 వస్తుంది, 1.41421 దాకా సరిపోతుంది!

భాస్కరాచార్యుడి ‘బీజగణితం’ నాటికి, అంటే 1150 ప్రాంతానికి, √ గుర్తు ఇంకా లేదు. అంకె ముందు ‘క’ రాసేవారు: క 5, క 3. భాగహారంలో కింద ఇలాంటివి రెండుంటే, ఒకదాని గుర్తు తిప్పేసి, వచ్చినదానితో పైనా కిందా గుణించమన్నాడాయన. మీ అబ్బాయి చేస్తున్నదీ ఇదే. 1/(√5+√3)ని √5−√3తో పైనా కిందా గుణిస్తే కింద 5−3, అంటే 2 మిగులుతుంది. జవాబు (√5−√3)/2. కరణులు ఎక్కడికీ పోలేదు, పైకెక్కాయంతే.

పిల్లలు తికమకపడేది ఇంకోచోట. ఇంగ్లిష్‌లో మామూలు సంఖ్య ర్యాషనల్, కానిది ఇర్రేషనల్. తెలుగులో తలకిందులు: 2, 3/4 లాంటి బుద్ధిమంతులకే ‘అ’ తగిలించి అకరణీయాలన్నాం. హిందీవాళ్ల పరిమేయ, అపరిమేయలకు ఈ బాధ లేదు.

‘అకరణీయం చేయండి’ అనడంలో వ్యాకరణదోషం లేదు. ఖాళీ చేయండి, శుభ్రం చేయండి లాంటిదే. ‘అకరణీకరణం’ అని కూడా రాస్తారు గానీ, అది పలకాలంటే నాకే నోరు తిరగదు. నన్నడిగితే ‘హారంలో కరణి లేకుండా మార్చండి’ అంటాను. ‘కింద రూటు ఉండకూడదు’ అనే క్లాసురూమ్ మాట దాదాపు సరైనదే. కాకపోతే √9లో రూటున్నా అది కరణి కాదు, అచ్చంగా 3.

అన్నట్టు, నిఘంటువు తీస్తే కరణికి ‘విధము’ అనే అర్థం కూడా కనిపిస్తుంది. కావ్యాల్లో ‘చంద్రుని కరణి’ అంటే చంద్రుడిలా అని. ఆ కరణికి వర్గమూలంతో పనిలేదు.