పెద్ద బ్యాంకులో వచ్చిందండి, ఇక ఢోకా లేదు కదండీ?

సంక్రాంతికి పాలకొల్లు వస్తే చాలు, ఏదో ఒక అరుగు మీద ఈ ప్రశ్న ఎదురవుతుంది. "మావాడికి అమెరికాలో పెద్ద బ్యాంకులో వచ్చిందండి, ఇక ఢోకా లేదు కదండీ?" అడిగేవారి మనసులో ఉండేది ఆంధ్రా బ్యాంకు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బ్యాంకు ఉద్యోగమంటే రిటైరయ్యేదాకా కదలక్కర్లేదన్న నమ్మకం మాత్రం మన గోదావరి జిల్లాల్లో అలాగే ఉంది. అమెరికా లెక్క వేరండి. లాభాలు బాగా వచ్చిన ఏడాది కూడా మనుషుల్ని తీసేస్తారు.

అయినా మొదటి ఉద్యోగమైతే చేరమనే నా సలహా. జీతం చూసి కాదు, కాగితాలు చూసి. ఉద్యోగుల పని అనుమతిని సరిచూసే ప్రభుత్వ వ్యవస్థ ఈ-వెరిఫైలో ఉన్న కంపెనీ అయితేనే, సైన్సు, ఇంజినీరింగ్ లాంటివి చదివినవాళ్లు చదువయ్యాక పనిచేసుకునే అనుమతికి, అంటే స్టెమ్ ఓపీటీకి, 24 నెలల పొడిగింపు దొరుకుతుంది. పెద్ద సంస్థల్లో సాధారణంగా ఆ బెంగ ఉండదు, వీసా పనులకు లాయర్లు కూడా ఉంటారు. అసలు విలువైనది ఐ-140, అంటే గ్రీన్ కార్డు కోసం కంపెనీ మీ తరఫున వేసే పిటిషన్. అది ఆమోదమై 180 రోజులు దాటాక కంపెనీ వెనక్కి తీసుకున్నా, క్యూలో మీ స్థానం చెప్పే ప్రయారిటీ డేట్ మీదే. ఆరేళ్లు నిండాక ఉద్యోగ వీసా హెచ్-1బీ పొడిగింపుకూ అది పనికొస్తుంది. గ్రీన్‌కార్డు క్యూలో ఏళ్ల తరబడి నిలబడే మనవాళ్లకు ఏ బోనస్సూ దీనికి సాటిరాదు. అందుకే చేరకముందే "గ్రీన్‌కార్డు ఎప్పుడు మొదలుపెడతారు?" అని మొహమాటం లేకుండా అడగండి. లేఆఫ్‌లు జరిగితే చాలాచోట్ల గ్రీన్ కార్డుకు మొదటి మెట్టయిన పెర్మ్ దరఖాస్తులు ఆపేస్తారు. ముందు మొదలుపెట్టినవాళ్లు గట్టెక్కుతారు.

ఇంకో సంగతి. "ఫలానా బ్యాంకులో చేస్తున్నాడు" అని ఊళ్లో చెప్పుకునేవాళ్లలో చాలామందికి జీతం ఇచ్చేది బ్యాంకు కాదు, మధ్యలో కన్సల్టెన్సీ. ఆఫర్ లెటర్ మీద ఎవరి పేరుందో చూసుకోండి. డిసెంబరులో కాంట్రాక్టర్లను జీతం లేకుండా ఇంటికి పంపడం కొన్నిచోట్ల మామూలే. హెచ్-1బీ మీద ఉంటే, పని చూపించకపోయినా యజమాని జీతం ఇవ్వాల్సిందే. చట్టం అలా ఉంది, కానీ అడిగేవాళ్లు తక్కువ.

డబ్బు విషయానికొస్తే, జీతం వరి, బోనస్ రొయ్య. రిక్రూటర్ రెండూ కలిపి పెద్ద అంకె చెబుతాడు. బోనస్ ఇవ్వడం కంపెనీ ఇష్టమని కాగితంలోనే ఉంటుంది. చేతికందే తేదీకి ముందు మానేస్తే సాధారణంగా ఒక్క డాలరూ రాదు. ఇంటి అద్దె, చదువు అప్పు జీతంలోనే సరిపోవాలి.

మనవాళ్లకు బాగా ఇబ్బందయ్యేవి రూల్స్. చాలా సంస్థల్లో షేర్ ఖాతాలన్నీ, భార్యాభర్తలవి సహా, చెప్పాలి. కొనే ముందు అనుమతి తీసుకోవాలి, కొన్నాక కొన్నాళ్లు అమ్మకూడదు. రోజూ ఆప్షన్లు ఆడే అలవాటున్నవాళ్లకు ఇది జైలే. ఆకివీడులో బాబాయితో కలిసి చెరువులో మీ పేరున వాటా ఉందనుకోండి, రైసుమిల్లులో భాగస్వామ్యం ఉందనుకోండి, అదీ ఫారంలో రాయాల్సి రావచ్చు. రాస్తే మామూలుగా అనుమతి వస్తుంది. దాచి దొరికితేనే ఉద్యోగానికి ముప్పు. వాట్సాప్‌లో ఆఫీసు పని మాట్లాడటం కూడా వద్దు. ఆఫీసు మాటలు సొంత ఫోన్లలో నడిపి, వాటి రికార్డు ఉంచనందుకు 2022లో అమెరికా షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 16 వాల్‌స్ట్రీట్ సంస్థల దగ్గర 110 కోట్ల డాలర్ల జరిమానా వసూలు చేసింది. మేనేజరే మెసేజ్ పెట్టినా "ఆఫీస్ చాట్‌లో మాట్లాడదామండి" అనేయండి.

ఈ రూల్స్‌లోనే ఒక వరం ఉంది. డబ్బు లావాదేవీలకు దగ్గరగా ఉండే కొన్ని ఉద్యోగాల్లో ఏడాదికోసారి వరుసగా రెండు వారాలు సెలవు తప్పనిసరి. ఆ రోజుల్లో మెయిల్ కూడా తెరవనివ్వరు. మీ పని మరొకరు చేస్తే మోసమేదైనా ఉంటే బయటపడుతుందని ఆ ఏర్పాటు. మనకు మాత్రం భోగి ముందు దిగి, ముక్కనుమ దాకా ఉండి రావచ్చు. వీసా స్టాంపింగ్ ఉంటే మాత్రం తేదీలు ముందే చూసుకోండి.

పని నిదానం. ఒక్క చిన్న మార్పుకు వారాల తరబడి అనుమతులు, అడుగున దశాబ్దాల నాటి కోబాల్ ప్రోగ్రాములు. నాలుగేళ్లు ఆ ఒక్క సిస్టమ్‌కే అంటిపెట్టుకుంటే బయట ఇంటర్వ్యూలో నోరు పెగలదు. ఏ టీమ్ అని ముందే అడగండి. సాయంత్రం ఓ గంట సొంత చదువుకు పెట్టుకోండి.

తీసేసిన రోజు పొద్దున్నే లాగిన్ పనిచేయదు. హెచ్-1బీ వాళ్లకు ఆ తర్వాత కొత్త ఉద్యోగం చూసుకోవడానికి గరిష్ఠంగా 60 రోజులే గడువు. ఐ-140 ఆమోదం, ఐ-797 (వీసా ఆమోద నోటీసు), పే స్లిప్పులు వచ్చినవి వచ్చినట్టు ఇంట్లో దాచుకోండి, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రమే ఉంచకండి.