పట్టేసిన స్నోమొబైల్ ఇంజన్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం మిన్నెసోటాలో ఉంటాం. 1990ల నాటి స్కీడూ కంపెనీ స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి) ఒకటి చవగ్గా దొరికితే కొన్నాను. ఫ్యాన్‌తో చల్లబడే రోటాక్స్ 503 ఇంజన్. స్టార్టర్ తాడు లాగితే ఎక్కడో గీరుకుంటున్నట్టు తిరుగుతోంది. కంప్రెషన్ చూస్తే ఒక సిలిండర్‌లో 125 పి.ఎస్.ఐ., రెండోదాంట్లో 70. ఊళ్లో ఉన్నప్పుడు ఆర్‌ఎక్స్ 100 హెడ్, బ్లాకు విప్పి బిగించాను. ఇంతకు మించి అనుభవం లేదు. కొత్త పిస్టన్, రింగులు వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదండీ. వేస్తే బండి స్టార్టవుతుంది, నాలుగు రోజులు బాగానే తిరుగుతుంది. గడ్డకట్టిన చెరువు మీద థ్రాటిల్ పూర్తిగా నొక్కి ఓ పది నిమిషాలు పోనిస్తే అదే సిలిండర్ మళ్లీ పట్టేస్తుంది, అంటే పిస్టన్ లోపల బిగుసుకుపోతుంది. రెండు సిలిండర్లలో ఒకటే పోయిందంటే దానికి మాత్రమే ఏదో తక్కువైందని అర్థం. అదేంటో తేలాకే సామాను ఆర్డరివ్వండి.

ఆర్‌ఎక్స్ 100 విప్పినవారికి పైభాగం కొత్తేమీ కాదు. తేడా అంతా కింద ఉంది. ఇక్కడ ఒకే క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద రెండు సిలిండర్లు, ఒక్కోదానికి విడిగా గాలి చొరబడని క్రాంక్ గది. ఏ గదిలోకి బయటి గాలి దూరితే ఆ సిలిండర్‌కి పెట్రోల్ పలచబడుతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ చాలదు. మీది టూ స్ట్రోక్ ఇంజన్, అందులో ఆయిల్ వచ్చేదీ పెట్రోల్‌తోనే కాబట్టి దెబ్బ రెండువైపులా తగులుతుంది.

బ్లాకులు తీశాక పిస్టన్‌ని వెంటనే కడిగేయకండి, ముందు గీతలు చూడండి. సైలెన్సర్ వైపు మాత్రమే గీసుకుపోతే పెట్రోల్ పలచబడి వేడెక్కినట్టు. కార్బ్యురేటర్ వైపు గీతలుంటే ఆయిల్ అందలేదని అనుమానించాలి. చుట్టూ నాలుగు చోట్ల నిలువు చారలుంటే చలిలో స్టార్ట్ చేసి, వేడెక్కనివ్వకుండానే లాగించారు. లేదా బోరు (సిలిండర్ లోపలి రంధ్రం) మరీ బిగువుగా చేశారు. పిస్టన్ తలకు చిల్లు పడితే, అంచు కొరికేసినట్టుంటే డిటొనేషన్, అంటే పెట్రోల్ సాఫీగా మండకుండా ఒక్కసారిగా పేలడం.

కారణాలు వెతకాల్సిన చోట్లు: కార్బ్యురేటర్‌కీ సిలిండర్‌కీ మధ్య ఉండే రబ్బరు బూటు (వంచి చూస్తేనే పగుళ్లు కనబడతాయి), మూసుకుపోయిన జెట్ (కార్బ్యురేటర్‌లో పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం), గట్టిపడిన ఫ్యూయల్ పంపు డయాఫ్రం, క్రాంక్ చివర్ల ఆయిల్ సీళ్లు. ఫ్యాన్ కవర్ కూడా తప్పకుండా విప్పండి. వేసవంతా షెడ్డులో పడున్న బండిలో ఎలుకలు గూడు పెట్టడం అక్కడ మామూలే. గూడు ఒక సిలిండర్ రెక్కల మధ్య అడ్డుపడితే ఆ ఒక్కటే మాడుతుంది.

తరవాత క్రాంక్. కనెక్టింగ్ రాడ్‌ని పైకీ కిందికీ లాగి చూడండి. ఆ దిశలో ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొద్దిగా కదలడం సహజం, కంగారు పడొద్దు. బేరింగులు చేత్తో తిప్పితే గరగరలాడినా, తుప్పు మచ్చలున్నా మార్చాల్సిందే. క్రాంక్ చివర్ల వంకర డయల్ గేజ్ మీద 0.05 మి.మీ. దాటితే క్రాంకులు చేసే షాపుకి పంపండి. ఇది ముక్కలు ప్రెస్ చేసి బిగించిన క్రాంక్, ఇంట్లో సుత్తితో సరిచేసే వస్తువు కాదు. ఫ్లైవీల్‌నీ, క్లచ్‌నీ కూడా వాటి పుల్లర్లతోనే ఊడదీయాలి. క్రాంక్ కొసమీద సుత్తి పడిందా, లేని వంకర మీరే తెచ్చినట్టు.

బోరింగ్ విషయం. 503 అసలు బోరు 72 మి.మీ., లోపల ఇనుప స్లీవు. కాబట్టి 0.25 లేదా 0.5 మి.మీ. ఓవర్‌సైజ్ పిస్టన్ వేసుకోవచ్చు. పిస్టన్లు చేతికొచ్చాకే బ్లాకులు లేతుకి ఇవ్వండి. వాళ్లు పిస్టన్ కొలిచి, దానికి మాన్యువల్‌లో ఉన్న గ్యాప్ కలిపి బోరు చేయాలి. కార్ల ఇంజన్లే చేసే షాపైతే ఒక మాట గట్టిగా చెప్పండి: బోరు, హోనింగ్ (లోపలి గోడను రాయితో సన్నగా రుద్దడం) అయ్యాక పోర్టుల (సిలిండర్ గోడలో గాలి, పొగ పోయే కిటికీల) అంచులు కొద్దిగా ఏటవాలుగా గీయాలని. ఫోర్ స్ట్రోక్ బోరులో పోర్టులుండవు కాబట్టి వాళ్లకది గుర్తుండదు. పదునైన అంచు రింగుని కొరికేస్తుంది.

ఇంటికి తెచ్చాక వేడి సబ్బునీళ్లతో, బ్రష్‌తో తోమండి. తెల్లగుడ్డతో తుడిస్తే మసి అంటకూడదు. అంటుతోందంటే హోనింగ్ పొడి ఇంకా ఉందన్నమాట, మళ్లీ కడగండి. ఆరగానే ఆయిల్ పూయండి, లేకుంటే గంటలోనే తుప్పు పడుతుంది. రింగుని ఒక్కదాన్నే బోరులో పెట్టి, పిస్టన్‌తో సమంగా నెట్టి, మూతి సందు కొలవండి. బోరు ప్రతి 25 మి.మీ.కి 0.1 మి.మీ. చొప్పున, 72కి దాదాపు 0.29 రావాలి.

బిగింపులో కొత్తవారు తప్పేది ఎక్కువగా చిన్నవాటి దగ్గరే. పిస్టన్ మీది బాణం సైలెన్సర్ వైపు ఉండాలి. రింగు మూతి గాడిలోని చిన్న పిన్ను దగ్గర కూర్చోవాలి. పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పెద్ద పిన్ను జారకుండా పట్టే సర్క్లిప్పులు ఎప్పుడూ కొత్తవే వేయాలి, వాటి నోరు నేరుగా పైకో కిందికో ఉండాలి. పక్కకు పెడితే పిస్టన్ కుదుపులకే వదులవుతాయి. సర్క్లిప్ వేసేటప్పుడు క్రాంక్‌కేస్ నోట్లో గుడ్డ కుక్కండి, లోపలికి జారితే మళ్లీ అంతా విప్పాలి.

క్రాంక్‌కేస్ పైసగం, కిందిసగంగా విడుతుంది. కొత్త సీళ్ల పెదవులకు గ్రీజు రాసి, కేసు మూసేముందే క్రాంక్ మీద వాటి స్థానంలో కూర్చోబెట్టండి. కేసు అంచులకు సీలెంట్ పలుచటి పొర చాలు. ఎక్కువైతే లోపలికి పిండుకొచ్చి బేరింగ్‌కి ఆయిల్ వెళ్లే రంధ్రాన్ని మూసేస్తుంది. బ్లాకులు దించాక వెంటనే బిగించేయకండి. ముందు సైలెన్సర్ మానిఫోల్డ్‌ని రెండు బ్లాకులకూ కలిపి తగిలిస్తే అవి ఒకే వరసలోకి వస్తాయి. అప్పుడే హెడ్ నట్లు అడ్డదిడ్డంగా, రెండు మూడు విడతల్లో 22 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. ఈ వరస తప్పితే మానిఫోల్డ్ గాస్కెట్ దగ్గర లీకు ఖాయం.

ఇక ఎక్కువమంది వదిలేసే పరీక్ష: ప్రెషర్ టెస్ట్. సైలెన్సర్, కార్బ్యురేటర్ దారులు రబ్బరు బిరడాలతో మూసి, ఫ్యూయల్ పంపుకి వెళ్లే పల్స్ గొట్టం దగ్గర గేజీ ఉన్న చేతిపంపుతో 6 పి.ఎస్.ఐ. గాలి ఎక్కించండి. 10 దాటితే సీళ్లే ఊడొస్తాయి. ఐదు నిమిషాలు చూడండి. ముల్లు నిమిషానికి 1 పి.ఎస్.ఐ. కంటే వేగంగా పడుతుంటే సబ్బునీళ్లు పూసి బుడగలెక్కడొస్తున్నాయో పట్టుకోండి. ఈ గేజీ కొనడం ఇష్టం లేకపోతే రెండో సెట్టు పిస్టన్లకు డబ్బు సిద్ధం చేసుకోండి.

ప్రశ్న: పట్టేసిన సిలిండర్‌లో పిస్టన్ అల్యూమినియం అతుక్కుపోయింది. ఆసిడ్ పూస్తే పోతుందంటున్నారు, నిజమేనా? నాది లిక్విడ్ కూల్డ్ బండి.

జవాబు: ముందు అది ఏ బోరో తేల్చుకోండి. నికసిల్ (నికెల్‌తో చేసే గట్టి పూత) ఉన్న బోరుని ఓవర్‌సైజ్ చేయలేరు. పూత లేచిపోతే మళ్లీ పూత వేయించాలి. ఇనుప స్లీవైతే హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ముంచిన దూదిపుల్లతో మచ్చల మీద మాత్రమే అద్దండి. నురగొస్తున్నంతసేపూ అల్యూమినియం కరుగుతున్నట్టు. ఆగితే కడిగి, ఆయిల్ పూయండి. పోర్టుల దగ్గరి అల్యూమినియానికి తగలనివ్వొద్దు. నికసిల్ బోరులోనూ ఇది పనిచేస్తుంది గానీ, పూత చిట్లినచోట ఆసిడ్ కిందికి దిగి బ్లాకునే తినేస్తుంది. చేతులకు గ్లవుజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని ఆరుబయటే చేయండి.

ప్రశ్న: ఆల్బర్టాలో ఉంటాను. అక్టోబరులో ఇంజన్ కొత్తగా చేశాం. ప్లగ్గు రంగు చూసుకునే జెట్లు వేశాం, చక్కగా నడిచింది. జనవరిలో మైనస్ 30లో బయటికి తీసిన రోజే పట్టేసింది. ఎందుకు?

జవాబు: చలిగాలి చిక్కన. 5 డిగ్రీలతో పోలిస్తే మైనస్ 30లో గాలి బరువు దాదాపు 14 శాతం ఎక్కువ. కార్బ్యురేటర్ తనంతట తాను పెంచే పెట్రోల్ అందులో సగమే, అంటే 7 శాతం లోటు. ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ మాడడానికి అది చాలు. మాన్యువల్‌లో ఉష్ణోగ్రతకీ, ఎత్తుకీ జెట్ పట్టిక ఉంటుంది. మీ ఊళ్లో పడే అతి తక్కువ ఉష్ణోగ్రతకి జెట్ వేసుకోండి. వెచ్చటి రోజున కొంచెం పొగ ఎక్కువొస్తుంది, అంతే. రాకీ పర్వతాల పైకి వెళ్తే మాత్రం గాలి పలచబడుతుంది కనుక జెట్ తగ్గించాలి.

ప్రశ్న: ఆయిల్ పంపున్న బండికి మొదటి ట్యాంకులో కూడా పెట్రోల్‌లో ఆయిల్ కలపాలా?

జవాబు: కలపండి, లీటరుకి 20 మి.లీ. పంపు గొట్టంలో గాలి బుడగ ఉన్నా ఇంజన్ బతుకుతుంది. అయినా పంపు స్క్రూ వదులుచేసి, బుడగలు ఆగేదాకా ఆయిల్ కారనివ్వడం మానొద్దు. పంపు లివర్ గుర్తులు థ్రాటిల్ కేబుల్‌తో సరిపోయాయో కూడా చూసుకోండి. స్టార్ట్ చేయడం గ్యారేజీ లోపల వద్దు, విషవాయువు. నిలబెట్టి వేడెక్కనిచ్చి, పూర్తిగా చల్లారనిచ్చి, ఇలా మూడుసార్లు చేయండి. మొదటిసారి చల్లారాక హెడ్ నట్లు మరోసారి బిగించి చూడండి. ఆ ట్యాంకు అయ్యేదాకా సగం థ్రాటిల్ దాటకండి, ఒకే వేగంలో ఎక్కువసేపు పోనివ్వకండి.