బడిలో చేర్చుకోము అంటున్నరు, ఏం జెయ్యాలె?

ప్రశ్న: అక్కా, మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బాబుకు ఏడేండ్లు, మాటలు లేటు, చెప్పింది తొందరగ అర్థం కాదు. బడికి తీస్కపోతే సారు "మాతోని కాదు, స్పెషల్ స్కూల్‌కు తోలుండ్రి" అన్నడు. పట్నం పంపే తాహతు మాకు లేదు.

జవాబు: ఆ సారు అట్ల అనొద్దు చెల్లె. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల దాకా చదువు ఫ్రీ, అది పక్కన ఉన్న బడిలనా స్పెషల్ స్కూల్‌లనా అన్నది మీ ఇష్టం, సారుది కాదు.

నోటి మాటలు ఇడిసిపెట్టు. తెల్లకాయితం మీద అడ్మిషన్ కావాలని రాసిచ్చి, జిరాక్స్ మీద తారీఖేసి సంతకం పెట్టించుకో, నేను చూసిన కాడికి సంతకం అనంగనే చానామంది మాట మారుస్తరు! తీస్కోకపోతే అదే కాయితం ఎంఈఓ (మండల విద్యాధికారి) ఆఫీసుల ఇయ్యి, మీకు దగ్గర్ల భవిత సెంటర్ ఎక్కడుందో కూడ అక్కడనే అడుగు, అండ్ల ఇసొంటి పిల్లలకు చెప్పే ఐఈఆర్‌పీ టీచర్లు ఉంటరు. అసలు కదల్లేని పిల్లలకైతే ఇంటికే వచ్చి చెప్పే పద్ధతుంది, మీ బాబుకు అది అక్కర్లేదు, నలుగురు పిల్లల్ల కూసోనియ్యి.

యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు కూడ అప్లై చేసిపెట్టు. బాబుకు ఏది ఎంతవరకు వస్తదో సరిగ్గ తెల్వాలంటే సికింద్రాబాద్ బోయినపల్లిల బుద్ధి ఎదుగుదల తక్కువున్నోళ్ల కోసం పెట్టిన కేంద్రప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, అక్కడ పరీక్షలు చేస్తరు. పొద్దుగాల బస్సుకే పో, బాబు తినేవి ఏమన్న సంచిల పెట్టుకో, ఆకలైతే ఏ పిల్లగాడు జవాబు చెప్పడు.