నా వాటాకు వచ్చిన స్వరాలు

ప్రశ్న: "నాకు 49 ఏళ్లు, గుంటూరులో ఉంటాను. చిన్నప్పుడు సంగీతం నేర్చుకోవడం కుదరలేదు. ఇప్పుడు ఏదైనా వాద్యం మొదలుపెడితే స్టేజీ మీద వాయించే స్థాయికి రావడానికి ఎన్నేళ్లు పడుతుంది? అసలు ఈ వయసులో మొదలుపెడితే ఉపయోగం ఉంటుందా?"

మీ ప్రశ్నలోంచి స్టేజీ అన్న మాట తీసేయమని అడుగుతున్నానండీ. మిగిలిన దానికి నా జవాబు, తప్పకుండా ఉంటుంది. ఎలాగో చెప్పాలంటే నా సంగతే చెప్పాలి.

మాది తెనాలి. ఉద్యోగాల వల్ల చాలా ఏళ్లుగా ఇంగ్లండ్‌లో, లండన్‌కి దగ్గర వోకింగ్‌లో ఉంటున్నాం. 2020 లాక్‌డౌన్‌లో ఇల్లు సర్దుతుంటే, మా అమ్మాయి చిన్నప్పుడు స్కూలుకి పట్టుకెళ్లిన ప్లాస్టిక్ రికార్డర్ సొరుగులో కనబడింది. పేరు విని పాటలు రికార్డ్ చేసే మిషన్ అనుకోకండి. నిలువుగా పట్టుకుని ఊదే వాద్యం. అప్పటికి నాకు 48. చిన్నప్పుడు మా వీధిలో ఒక టీచరుగారి దగ్గర ఆర్నెల్లు గాత్రం నేర్చుకున్నాను. సరళీ స్వరాలు, జంటలు, చివర్లో నొట్టుస్వరం అనే చిన్న పాట ఒకటి. అంతలో నాన్నగారికి బ్యాంకులో ట్రాన్స్‌ఫర్ అయింది. కొత్త ఊళ్లో ఎవరూ మళ్లీ చేర్పించలేదు, నేనూ అడగలేదు. అంతే నా సంగీతం.

వేణువు మీద మొదట్లో ఎన్నాళ్లు ఊదినా గాలే వస్తుంది, నాదం రాదు. రికార్డర్‌లో మొదటి ఊపిరికే నాదం వచ్చేస్తుంది. మన వయసువాళ్లకి ఇది చాలా పెద్ద విషయం. అయితే గట్టిగా ఊదితే కీచుమంటుంది. అద్దం మీద ఆవిరి పట్టించడానికి ఎంత మెల్లగా ఊదుతామో అంతే ఊదాలి. స్కూళ్లలో ముప్ఫైమంది పిల్లల చేతికి ఒకేసారి ఇచ్చి, ఈ ఒక్క ముక్క చెప్పకుండా వదిలేస్తారు. వాళ్లు బలంకొద్దీ ఊదుతారు, ఇంట్లోవాళ్లు చెవులు మూసుకుంటారు, వాద్యానికి చెడ్డపేరు వస్తుంది. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ 1547లో చనిపోయాక ఆయన సామాను లెక్క రాస్తే అందులో 76 రికార్డర్లు తేలాయి. జర్మన్ స్వరకర్త బాఖ్ తన బ్రాండెన్‌బర్గ్ కన్చెర్టోలనే రచనల్లో రెండింటిలో దీనికి చోటిచ్చాడు. అలాంటి వాద్యాన్ని బొమ్మ అంటారు.

ఏడాదికి పైగా ఇంట్లో ఒక్కదాన్నే వాయించుకున్నాను. మధ్యలో రెండుసార్లు మానేశాను కూడా. ఒక్కరే నేర్చుకునేవాళ్లు మానేస్తారు, నేను చూసినవాళ్లందరి విషయంలో అదే జరిగింది. నన్ను నిలబెట్టింది 2021 చివర్లో చేరిన రికార్డర్ గ్రూపు. ఇక్కడ 1937లో మొదలైన సొసైటీ ఆఫ్ రికార్డర్ ప్లేయర్స్ అని ఒకటుంది. దేశమంతా శాఖలున్నాయి. ఎక్కువగా రిటైరైనవాళ్లు, నెలకోసారి ఏదో ఒక హాల్లో కూర్చుని వాయిస్తారు. అలాంటివాళ్లే మా గుంపులోనూ పదిహేనుమంది ఉన్నారు. చేరడానికి పరీక్ష లేదు. "ఏం వాయిస్తావ్?" అని కూడా అడగలేదు. "టెనర్లు తక్కువున్నాయి, ఇది తీసుకెళ్లు" అని మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా కొలిచినదానికంటే పొడవున్న చెక్క రికార్డర్ ఒకటి చేతిలో పెట్టారు.

రికార్డర్లు ఒక కుటుంబం అన్నమాట. డెస్కంట్ చిన్నది, సన్నని గొంతు. తర్వాత ట్రెబుల్, టెనర్, బేస్. ఇంకా పెద్దవీ ఉన్నాయి. పాట సాధారణంగా డెస్కంట్‌కి వస్తుంది. టెనర్‌కి రాదు. ఇది నాకు తెలియదు. కాగితం ఇంటికి తెచ్చుకుని సాధన చేస్తే, పా, పా, పా, మా, పా. తర్వాత ఐదు బార్లు, అంటే మన ఆవర్తాల్లాంటివి, మౌనం. మళ్లీ పా. మావారు వంటింట్లోంచి "ఇదేం పాటోయ్?" అని అడిగారు. నాకూ తెలియలేదు. వారమంతా వాయించినా అందులో పాట ఎక్కడా దొరకలేదు.

నెల తర్వాత అందరితో కలిసి అదే కాగితం వాయించాను. నేను పా పట్టుకుని నిలబడ్డాను. పైన డెస్కంట్లు సా మీదున్నప్పుడు నా పా ఒకలా వినబడింది. వాళ్లు రి మీదికి వెళ్లి, కింద బేస్ కూడా కదిలేసరికి నా పా రంగు మారిపోయింది. నేను వేలు కూడా కదపలేదు. మన సంగీతంలో శ్రుతి నిలబడి ఉంటుంది, పాట దానిమీద కదులుతుంది. ఇక్కడ ఆ కాసేపు నేనే శ్రుతినయ్యాను, చుట్టూ ఉన్నదంతా కదిలింది. ఎన్ని కచేరీలు విన్నా ఈ అనుభవం నాకు దొరకలేదు. వినేవాళ్లకి దొరకదు కూడా, మధ్యలో కూర్చున్నవాళ్లకే దొరుకుతుంది. స్టేజీ మాట తీసేయమన్నది అందుకే.

కష్టాలు లేవని కాదు. ఐదు గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ చదవడం ఆ వయసులో నేర్చుకోవాల్సి వచ్చింది. రాత్రిళ్లు కళ్లు లాగేవి. చేత్తో తాళం వేసే అలవాటు మనది, ఇక్కడ రెండు చేతులూ రంధ్రాల మీదే ఉంటాయి. కాలితో తాళం వేస్తే చప్పుడని పక్కవాళ్లకి ఇబ్బంది. చెప్పులో బొటనవేలు కదుపుతూ లెక్కపెట్టడం నేర్చుకున్నాను. ఊదుతున్నప్పుడు నాలుకతో తు, డు అంటూ స్వరాలు విడగొట్టాలి. వేగంగా వెళ్లాలంటే తు-కు-తు-కు. వెనిస్‌లో 1535లో అచ్చయిన రికార్డర్ పుస్తకంలోనే ఈ అక్షరాలన్నీ పట్టిక వేసి ఉన్నాయని, ముందు నిలబడి మా వాయింపుని నడిపించే కండక్టర్ చెబితే, మృదంగం నేర్చుకునే పిల్లలు తకిట అనుకోవడం గుర్తొచ్చింది. శీతాకాలంలో చర్చిలో వాయించడం ఇంకో కష్టం. వాద్యం చల్లబడితే శ్రుతి దిగిపోతుంది, ఊపిరి ఆవిరి లోపల నీరై గొంతు పూడుకుపోతుంది. కచేరీకి ముందు అందరం తలభాగాలు ఊడదీసి చంకలో పెట్టుకుని వెచ్చచేస్తూ కూర్చుంటాం.

ఏడాదికి రెండు మూడుసార్లు ప్లేయింగ్ డే ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నలభైమంది దాకా వస్తారు. బయటి నుంచి ఒక కండక్టర్ వస్తారు. పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా వాయించడమే. ఎవరి స్టాండు, ఎవరి పెన్సిలు, ఎవరి క్యారేజీ వాళ్లు తెచ్చుకోవాలి. నేను పులిహోర తీసుకెళ్తాను, టీ బ్రేక్‌కే అయిపోతుంది. వెనక వరసలో మనిషంత ఎత్తున్న కాంట్రాబేస్‌లు ఉంటాయి. కొన్ని ప్లైవుడ్ పెట్టెల్లా నలుచదరంగా ఉంటాయి. వాటి నాదం చెవికంటే ముందు పాదాలకు తెలుస్తుంది. ఆ రోజు వినేవాళ్లంటూ ఎవరూ ఉండరు. నలభైమంది ఆరు గంటలు వాయించి, కుర్చీలు సర్ది, కప్పులు కడిగి ఇంటికెళ్లిపోతారు. మొదటిసారి ఇది చూసి మా అమ్మ గుర్తొచ్చింది. ధనుర్మాసంలో మా వీధి రామాలయంలో ఆడవాళ్లు భజన చేసేవాళ్లు. అమ్మ తాళాలు వాయించేది. వాళ్లనీ ఎవరూ వినేవాళ్లు కాదు. ఎవరి గొంతు ఎలా ఉందని ఎవరూ అడిగేవాళ్లు కాదు. ఆ భజన మండళ్లను మనం చేజేతులా తగ్గించుకున్నాం. ఇప్పుడు పిల్లని సంగీతంలో చేర్పిస్తే మూడో నెలకే టీవీ పోటీ గురించి ఆలోచిస్తున్నాం. ఇక్కడి మనవాళ్లూ అంతే. నేను రికార్డర్ వాయిస్తానంటే మొదటి ప్రశ్న "ఏ గ్రేడ్?" అని, అంటే సంగీత పరీక్షల్లో ఎన్నో మెట్టు అని. ఒక ఉగాది కార్యక్రమానికి మా గుంపుని తీసుకొస్తానంటే, సోలో అయితే ఐదు నిమిషాలు ఇస్తామన్నారు. నేను ఒప్పుకోలేదు. టెనర్‌ని ఒక్కదాన్నే వెళ్లి పా, పా అని వాయిస్తే ఎవరికి ఏం అర్థమవుతుంది?

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. 2023 మేలో ఇక్కడ కొత్త రాజుగారి పట్టాభిషేకం జరిగింది. ఆ వారం ఒక వృద్ధాశ్రమంలో మా గుంపు కచేరీ. రిహార్సల్లో జాతీయ గీతం కాగితాలు పంచారు. నాలుగు పార్టులు, మొత్తం 14 బార్లు. పైనున్న డెస్కంట్ వరస చదువుతుంటే ఒళ్లు జలదరించింది. అది నాకు తెనాలిలో ఎనిమిదేళ్ల వయసులో వచ్చు. "సంతతం పాహిమాం సంగీత శ్యామళే." నేను నేర్చుకున్న ఒకే ఒక్క నొట్టుస్వరం అదే. ముత్తుస్వామి దీక్షితులవారు కుర్రవాడిగా మద్రాసు దగ్గర మణలిలో ఉన్నప్పుడు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని, వాటికి సంస్కృతంలో సాహిత్యం కట్టారు. మన పిల్లలు ఈనాటికీ అవి నేర్చుకుంటున్నారు. ఈ దేశపు జాతీయ గీతమని తెలియకముందే ఆ వరస నాకు అమ్మవారి పాట.

టీ తాగేటప్పుడు ఈ మాట చెప్పాను. మా కండక్టర్ పాడమన్నారు, పాడాను. "అక్కడ కూడా ముందు నువ్వు పాడు, తర్వాత మేం అందుకుంటాం" అన్నారు.

ఆ రోజు హాల్లో పాతికమంది పెద్దవాళ్లు, సగంమంది చక్రాల కుర్చీల్లో. నేను లేచి నిలబడి, శ్రుతి కోసం బేస్ వాయించే పెద్దావిడ ఒక స్వరం ఊదితే, అది పట్టుకుని మొదలుపెట్టాను. "పాహిమాం" అనేసరికి ముందు వరసలో ఒక పెద్దాయన కుర్చీ చేతుల మీద బలం వేసి లేవడం మొదలుపెట్టారు. నర్సు వద్దంటోంది, ఆయన వినలేదు. ఆయన్ని చూసి ఇంకొకరు లేచారు. లేవలేని ఒకావిడ కుర్చీలోనే నడుం నిటారుగా పెట్టుకుని కూర్చుంది. భాష వాళ్లకి ఒక్క ముక్క తెలియదు. వాళ్లు రాజుగారి కోసం లేచారు, నేను శ్యామళాదేవికి పాడుతున్నాను. రెండూ ఒకే వరస. మా టీచరుగారు తెనాలిలో ఆనాటి అరుగు మీద నా పక్కన కూర్చుని తొడ మీద తాళం వేస్తున్నట్టే అనిపించింది.

పాడటం అయింది. కూర్చుని టెనర్ నోట పెట్టుకున్నాను. గొంతు పట్టేసింది. వీణ వాయించేవాళ్లు కన్నీళ్లతో కూడా వాయించగలరేమో, ఊపిరి వాద్యంతో అది కుదరదు. నాదం రాలేదు. నా పక్కన రెండో టెనర్ వాయించే ఆయన రిటైరైన పోస్ట్‌మన్. నావైపు చూడలేదు, ఆపలేదు, తన వరస వదిలేసి నా వరస అందుకున్నారు. తన మోకాలు నా మోకాలికి ఆనించి ఒక్కో బారూ మొదలవగానే మెల్లగా నొక్కుతూ పోయారు. నాలుగు బార్లు అయ్యాక ఊపిరి కుదుటపడింది. ఐదో బారులో అందుకున్నాను. ఆయన వెంటనే తన వరసలోకి వెళ్లిపోయారు. వింటున్నవాళ్లకి ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత మేమిద్దరం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు. ఆ పెద్దాయన మాత్రం పాట అయ్యేదాకా నిలబడే ఉన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వోకింగ్ మీదుగా వెళ్లే రైలు మార్గంలోనే హాస్లెమియర్ అనే ఊరుంది. అక్కడ ఆర్నాల్డ్ డోల్మెట్ష్ అనే ఆయన పాతకాలపు వాద్యాలు తయారుచేసేవారు. 1919లో లండన్‌లో కచేరీ చేసి తిరిగివస్తూ, వాటర్లూ స్టేషన్లో ఒక సంచీ మర్చిపోయారు. ఏడేళ్ల కొడుకు కార్ల్ దాన్ని ప్లాట్‌ఫారం మీద వదిలేశాడు. అందులో 18వ శతాబ్దపు రికార్డర్ ఉంది. అది పోయిందన్న బాధతో ఆయన తనే ఒకటి చేయడానికి పూనుకున్నారు. ఆధునిక కాలంలో ఈ వాద్యం ఇంగ్లండ్‌లో మళ్లీ బతకడానికి ఆ పూనికే కారణం. ఆ కార్ల్ పెద్దయ్యాక, ఇందాక చెప్పిన సొసైటీని మొదలుపెట్టినవాళ్లలో ఒకరయ్యారు. నేను రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి అదే స్టేషన్లో రైలెక్కుతాను. టెనర్ ఉన్న రోజు సంచీ ఒళ్లోంచి దించను.

ఇక మీ సంగతి. ఎన్నేళ్లు అని అడిగారు. గుంపులో కూర్చుని నాలుగు స్వరాలు సరిగ్గా పట్టుకోవడానికి ఆర్నెల్లు చాలు, రోజూ ఇరవై నిమిషాలు కూర్చోగలిగితే. ప్లాస్టిక్ డెస్కంట్ రికార్డర్ మన దగ్గర సంగీత వాద్యాల షాపుల్లో దొరుకుతుంది, యమహా మంచిది. కొనేటప్పుడు బరోక్ ఫింగరింగ్ (రంధ్రాల మీద వేళ్లు పెట్టే ఒక పద్ధతి) ఉన్నదే అడగండి. జర్మన్ ఫింగరింగ్ అని ఇంకోటి ఉంటుంది, మొదట తేలిగ్గా అనిపించి తర్వాత ఇబ్బంది పెడుతుంది. కానీ వాద్యం కంటే ముందు మనుషుల్ని వెతకండి. గుంటూరులో మీలాంటివాళ్లు ఇంకో ముగ్గురు లేకుండా ఉండరు. మీ అపార్టుమెంటులో అడగండి, ఆఫీసులో అడగండి, చిన్నప్పుడు ఆర్నెల్లు నేర్చుకుని ఆపేసినవాళ్లు చాలామంది బయటపడతారు. నలుగురు కాగానే ఇక్కడే కింద రాయండి. ఆ నొట్టుస్వరాన్ని నాలుగు పార్టులుగా, సరిగమల్లోనే రాసి పంపిస్తాను. చిన్న రికార్డర్లకి సరిపోయేలా టెనర్ వరస మార్చి ఇస్తాను. అది మాత్రం మీరే తీసుకోండి.