టెక్ సందేహాలు: కార్డు కొలతకు తగ్గ కవరు, కటింగ్ మెషీన్‌తో

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా కటింగ్ మెషీన్ల గురించే, అంటే కంప్యూటర్‌లో గీసిన ఆకారాన్ని బ్లేడుతో కాగితం మీద కోసేవి. చేత్తో గ్రీటింగ్ కార్డులు చేసేవాళ్లు మెషీన్ కొనుక్కున్నారు, కార్డు ముందు భాగం బాగానే వస్తోంది, కవరు దగ్గరకు వచ్చేసరికి మాత్రం అందరూ ఆగిపోతున్నారు. అందుకే ఫోన్ల ప్రశ్నలు పక్కన పెట్టి మొత్తం దీనికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నా కార్డులు 5×7 అంగుళాలవి. నెట్‌లో దొరికిన కవరు టెంప్లేట్‌ను కట్ చేస్తే కార్డు పట్టడం లేదు. టెంప్లేట్‌ను కాస్త పెద్దది చేస్తే ఒకవైపు వదులు, ఇంకోవైపు బిగుతు. మంచి ఫైల్ ఏదైనా చెప్పండి.

జవాబు: ఫైళ్లు వెతకడం ఆపేయండి. స్కేలు తీసుకుని మీ కార్డును కొలవండి, అదీ పూలు, రిబ్బన్లు అన్నీ అంటించేశాక, మడత పెట్టి ఉన్నప్పుడు. ఇంకొకరి కార్డు కోసం చేసిన టెంప్లేట్‌ను మూల పట్టుకుని లాగితే కవరు, రెక్కలు, మూత అన్నీ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయి. మీకు కావలసింది అది కాదు, కార్డు కంటే కవరు అటూ ఇటూ కలిపి ఓ 6 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, అంతే. నేను మొదట్లో కార్డు ఎంతో కవరూ అంతే గీసి, ఒక్కటి కూడా మడిచి చూడకుండా ఒకేసారి 30 కట్ చేశాను. ఒక్క కార్డు కూడా లోపలికి వెళ్లలేదు. ఎంతో ఇష్టపడి ఎంచుకున్న కాగితం అది, చాలా బాధేసింది. అప్పటి నుంచి మామూలు తెల్ల కాగితం మీద ఒకటి చేసి, మడిచి, కార్డు పెట్టి చూశాకే అసలు కాగితం ముట్టుకుంటాను.

ఇప్పుడు లెక్క చూద్దాం. అన్నిటికంటే తేలికైన కవరు, చదరం కాగితాన్ని మూలల మీద నిలబెట్టి నాలుగు మూలలూ మధ్యకు మడిచేది. మీ కార్డు మిల్లీమీటర్లలో 127×178. 6 చొప్పున కలిపితే కవరు 133×184. ఈ రెండూ కూడి 1.414తో భాగించండి: 317ను భాగిస్తే దాదాపు 224. అంటే చదరం భుజం కనీసం 22.4 సెం.మీ. ఉండాలి. దీనికి ఒక సెంటీమీటరున్నర కలుపుకుని 24 సెం.మీ. పెట్టుకోండి, రెక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కి జిగురుకు చోటు దొరుకుతుంది. క్రికట్ కంపెనీ మెషీన్ 12×12 అంగుళాల మ్యాట్ (కాగితాన్ని అంటించి పెట్టే జిగురు షీటు) మీద కట్ చేయగలిగేది పదకొండున్నర అంగుళాలు, అంటే 29 సెం.మీ. పైచిలుకు, కాబట్టి హాయిగా పడుతుంది. కార్డు చిన్నదైతే ఇంకా సులువు. ఏ6 కార్డు 105×148, దానికి అంతర్జాతీయ ప్రమాణంలో సీ6 కవరు 114×162, పై లెక్క ప్రకారం చదరం కనీసం 19.5 సెం.మీ., జిగురుకు ఒక సెంటీమీటరు కలుపుకున్నా 20.5, ఏ4 కాగితం వెడల్పు 21 సెం.మీ. కనుక మామూలు ఏ4 షీటులోనే అయిపోతుంది. ఏ5 కార్డుకు మాత్రం ఏ4 చాలదు, సీ5 కవరుకు 27.6 సెం.మీ. చదరం కావాలి.

గీయడం ఇలా. సాఫ్ట్‌వేర్‌లో 24 సెం.మీ. చదరం పెట్టి 45 డిగ్రీలు తిప్పండి. దాని మీద 133×184 దీర్ఘచతురస్రం పెట్టి రెండింటినీ సెంటర్‌కు అలైన్ చేయండి. దీర్ఘచతురస్రం నాలుగు మూలలూ చదరం అంచుకు 8 మి.మీ. లోపల ఆగుతాయి. ఆ నాలుగు చోట్లా చిన్న త్రిభుజం, మొన సరిగ్గా దీర్ఘచతురస్రం మూలను తాకేలా పెట్టి, స్లైస్‌తోనో సబ్‌ట్రాక్ట్‌తోనో తీసేయండి. ఈ గాట్లు లేకపోతే మడిచినప్పుడు మూలల్లో కాగితం ఉబ్బుతుంది. చదరం మొనలు కొంచెం గుండ్రంగా చేస్తే కవరు అందంగా ఉంటుంది, వాడుతుంటే నలగదు కూడా. ఆ దీర్ఘచతురస్రమే మీ మడత గీత.

ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసుకునేవాళ్లు ఒకటి గమనించాలి. అది అంగుళానికి 96 పిక్సెళ్లు లెక్కేస్తుంది, క్రికట్ సాఫ్ట్‌వేర్ డిజైన్ స్పేస్ 72గా చదువుతుంది. అందుకే ఒక్కోసారి 24 సెం.మీ. ఫైల్ 32గా తెరుచుకుంటుంది. కంగారు పడకండి, తాళం గుర్తు వేసి ఉంచి వెడల్పు గడిలో అసలు కొలత టైప్ చేస్తే చాలు. అయితే తిప్పిన చదరానికి ఆ గడిలో కనిపించేది భుజం కాదు, మొన నుంచి మొన దాకా దూరం, అంటే 24కి 33.9. ఈ తేడా తెలియక చాలామంది కవరును కుదించేసుకుంటున్నారు. సిల్హౌట్ అనే ఇంకో కంపెనీ మెషీన్ వాడేవాళ్లకు ఇంకో చిక్కు: దాని సాఫ్ట్‌వేర్‌లో ఉచితంగా వచ్చే బేసిక్ ఎడిషన్‌లో ఎస్‌వీజీ రకం డ్రాయింగ్ ఫైల్ మామూలుగా తెరుచుకోదు, ఇంక్‌స్కేప్ నుంచి డీఎక్స్‌ఎఫ్ అనే రకంగా సేవ్ చేసి తెరవండి.

ప్రశ్న: మడత గీతలు కవరు మీద పడకుండా కాగితంలో ఎక్కడో మూలకు పడుతున్నాయి. ఒకసారైతే మడత గీతనే కట్ చేసి మధ్య ముక్క ఊడదీసింది. మెషీన్ పాడైందా?

జవాబు: మెషీన్ బాగానే ఉంది, రెండు సెట్టింగులు మిగిలిపోయాయి. డిజైన్ స్పేస్‌లో ఏ ఆకారం పెట్టినా మొదట అది కట్‌గానే ఉంటుంది. దీర్ఘచతురస్రాన్ని ఎంచుకుని ఆపరేషన్‌లో స్కోర్ (కోయకుండా మడత గీతను ఒత్తడం) అని మార్చాలి. రెండోది ఎటాచ్. స్క్రీన్ మీద ఒకదాని మీద ఒకటి ఉన్నాయి కదా అని మనం అనుకుంటాం గానీ, మేక్ ఇట్ నొక్కగానే సాఫ్ట్‌వేర్ కాగితం ఆదా చేయడానికి దేనికది విడదీసి పేరుస్తుంది. కవరు, మడత గీత రెండూ కలిపి ఎంచుకుని ఎటాచ్ నొక్కితేనే వాటి స్థానం కదలదు. గ్రూప్ చేస్తే సరిపోదు, అది స్క్రీన్ మీద కలిసి కదలడానికి మాత్రమే. వెల్డ్ అసలు నొక్కకండి, మడత గీత కవరులో కలిసిపోయి మాయమవుతుంది. ఎటాచ్ అయ్యాక మొత్తాన్ని ఇంకో 45 డిగ్రీలు తిప్పి చదరాన్ని నిటారుగా తెచ్చుకోండి, మొన మీద నిలబడి ఉంటే 33.9 సెం.మీ. అయి మ్యాట్ మీద పట్టదు.

కాగితం ఎటువైపు పెట్టాలో కూడా చెబుతాను, దీని గురించి ఎవరూ అడగరు గానీ కవరు నీటుగా రావడం సగం దీని మీదే ఉంటుంది. బయటికి కనిపించే వైపు పైకి ఉండాలి. స్కోరింగ్ టూల్ పైనుంచి నొక్కుతుంది కాబట్టి పల్లం పైన, ఉబ్బు కింద వస్తాయి. పల్లానికి ఎదురుగా, ఉబ్బు లోపలికి వెళ్లేలా మడిస్తే అంచు పగలదు. పైగా మ్యాట్ జిగురు తగిలేది లోపలి వైపుకే, పెన్‌తో పేరు రాయించాలన్నా అదే పైవైపు మీద పడుతుంది.

క్రికట్ జాయ్‌కి స్కోరింగ్ టూల్ లేదు, దాని వెడల్పు కూడా నాలుగున్నర అంగుళాలే, అంత పెద్ద కవరు దాంట్లో రాదు. చిన్న ట్యాగుల కవర్లకైతే మడత గీతను పెన్‌తో సన్నగా గీయించి, స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్‌తో ఒత్తండి. సిల్హౌట్‌లో గీతను డ్యాష్‌లుగా మార్చి కట్ చేస్తే చిల్లుల వరుస వస్తుంది, తేలిగ్గా మడత పడుతుంది, కానీ చిల్లులు బయటికి కనిపిస్తాయి. నాకైతే ఒత్తిన మడతే ఇష్టం.

ప్రశ్న: కట్ అయ్యాక తీసేటప్పుడు మూలలు చిరుగుతున్నాయి, కాగితం చుట్టుకుపోతోంది. బ్లేడు మార్చాలా?

జవాబు: ముందు తీసే పద్ధతి మార్చండి. మ్యాట్ నుంచి కాగితం లాగకండి. మ్యాట్‌ను బోర్లా తిప్పి, కాగితాన్ని బల్లకు ఆనించి అరచేత్తో నొక్కి పట్టుకుని, మ్యాట్‌ను వంచుతూ వెనక్కి లాగండి. కాగితం చుట్టుకోదు. ఆ తర్వాత మ్యాట్ రంగు చూడండి. కవరు కాగితానికి 100 నుంచి 120 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) బాగుంటుంది, దానికి తక్కువ జిగురున్న నీలం మ్యాట్ చాలు. ఆకుపచ్చది కొత్తగా ఉన్నప్పుడు పలచని కాగితాన్ని వదలదు, ఉతికిన బట్ట మీద రెండు మూడుసార్లు అద్దితే దారికి వస్తుంది. కార్డుకు వాడే 200 జీఎస్ఎం అట్టతోనే కవరూ చేయాలని కొందరు పట్టుబడతారు. వద్దు, మడత దగ్గర పగులుతుంది, మూత లేచి నిలబడుతుంది.

ఇవన్నీ చేసినా అంచులు పీచు పీచుగా వస్తుంటే అప్పుడు బ్లేడు సంగతి. మెషీన్ నుంచి బయటికి తీసి, అల్యూమినియం ఫాయిల్ ఉండలో మొనను పదిసార్లు గుచ్చి తీయండి, అంటుకున్న పీచు వదిలిపోతుంది. కాగితం మూలలో ఒక సెంటీమీటరు చదరం టెస్ట్ కట్ చేసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే మార్చాల్సిందే.

ప్రశ్న: కవరు మీద పేర్లు తెలుగులో మెషీన్ పెన్‌తోనే రాయించాలనుకుంటున్నాను. ఒత్తులు విడిపోయి పక్కన పడుతున్నాయి, అక్షరాలు బోలుగా వస్తున్నాయి. తెలుగు కుదరదా?

జవాబు: కుదురుతుంది, ఈ ప్రశ్న వచ్చినందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇక్కడ రెండు వేర్వేరు సమస్యలున్నాయి. ఒత్తులు విడిపోవడానికి కారణం, తెలుగు అక్షరాలను కలిపి పేర్చే పని మెషీన్‌తో వచ్చే సాఫ్ట్‌వేర్ సరిగా చేయకపోవడం. పేరును ఇంక్‌స్కేప్‌లో యూనికోడ్ ఫాంట్‌తో టైప్ చేయండి, ఒత్తులు సరైన చోట కూర్చుంటాయి. తర్వాత పాత్ మెనూలో ఆబ్జెక్ట్ టు పాత్ నొక్కండి. ఇక అది అక్షరం కాదు, బొమ్మ. ఎస్‌వీజీగా సేవ్ చేసి ఏ సాఫ్ట్‌వేర్‌లో తెరిచినా చెదరదు. అక్షరాలను కట్ చేసి అంటించాలంటే పాత్ మెనూలోనే యూనియన్ కూడా నొక్కండి, లేకపోతే ఒత్తు అక్షరాన్ని తాకే చోట బ్లేడు రెండు ముక్కలుగా కోస్తుంది.

బోలుగా రావడం ఫాంట్ల స్వభావం. మామూలు ఫాంట్‌లో ఉండేది అక్షరం అంచు, పెన్ ఆ అంచు చుట్టూనే తిరుగుతుంది. ఇంగ్లిష్‌కైతే ఒకే గీతతో చేసిన ఫాంట్లున్నాయి. ఇంక్‌స్కేప్‌తోపాటే వచ్చే హెర్షీ టెక్స్ట్ అలాంటిదే, అమెరికా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసిన హెర్షీ 1967లో ప్రకటించిన అక్షరాలవి, అప్పటి ప్లాటర్ల (పెన్‌తో గీసే యంత్రాల) అవసరం ఇప్పుడు మన మెషీన్లకూ పనికొస్తోంది. వాటిలో తెలుగు లేదు. కాబట్టి ఒక పని చేయండి: పేరును స్కెచ్ పెన్‌తో తెల్ల కాగితం మీద మీరే రాయండి, ఫోటో తీయండి, ఇంక్‌స్కేప్ ట్రేస్ బిట్‌మ్యాప్‌లో సెంటర్‌లైన్ ట్రేసింగ్ ఎంచుకోండి. గీత మధ్యలోంచి ఒకే దారి వస్తుంది, దాన్ని డ్రా ఆపరేషన్‌కు మార్చి కవరుకు ఎటాచ్ చేస్తే మెషీన్ అచ్చంగా మీ దస్తూరీలో రాస్తుంది. ట్రేసింగ్‌లో అక్కడక్కడా చిన్న తోకలు వస్తాయి, నోడ్స్ టూల్‌తో తీసేయండి, పేరుకు ఐదు నిమిషాలు పడుతుంది. చేత్తో చేసిన కార్డు మీద ఏ ఫాంట్ కంటే మీ చేతిరాతే బాగుంటుందని నా నమ్మకం.

ప్రశ్న: కార్డు మీద క్విల్లింగ్ పూలు (సన్నని కాగితం పట్టీలు చుట్టి చేసేవి) 6 మి.మీ. ఎత్తు లేచి ఉంటాయి. మామూలు కవరులో నలిగిపోతున్నాయి. లోపల రంగు కాగితం కూడా వేయాలని ఉంది.

జవాబు: కార్డు ఎంత మందం ఉంటే కవరు కొలత రెండు వైపులా అంత పెరగాలి. 6 మి.మీ. మందం రెండు వైపులా కలిపి 12, మరో 6 ఖాళీ, అంటే కార్డు కంటే 18 మి.మీ. పెద్దది. దీర్ఘచతురస్రం ఒకటే కాకుండా, దాని లోపల అన్ని వైపులా 6 మి.మీ. వదిలి ఇంకొకటి స్కోర్ గీతగా పెట్టండి, నాలుగు వైపులా చిన్న గోడ లేస్తుంది. గాట్ల మొన లోపలి దీర్ఘచతురస్రం మూల దాకా వెళ్లాలి, లేకపోతే గోడ మూలల్లో నలుగుతుంది.

లోపలి కాగితానికి కవరు బొమ్మకు ఒక కాపీ తీసుకోండి, వెనక ప్యానెల్, పై మూత మాత్రమే ఉంచి పక్క రెక్కలు తీసేయండి. మూత అంచు దగ్గర జిగురు కోసం 12 మి.మీ., మిగతా చోట్ల 3 మి.మీ. తగ్గించండి. కవరులో పరిచాక ముందు మూత మడవండి, అలా మడిచి ఉంచే పైభాగంలో మాత్రమే జిగురు పెట్టండి, కిందంతా అంటించకుండా వదిలేయండి. చాపి ఉంచి మొత్తం అంటిస్తే మడిచిన ప్రతిసారీ లోపలి కాగితం ముడతలు పడుతుంది. జిగురు కూడా పలచనిది వద్దు, కాగితం తడిసి అలలు తేలుతుంది, గ్లూ స్టిక్ గానీ డబుల్ సైడ్ టేపు గానీ వాడండి.